ఎన్‌డీఏ మ్యాథ్స్: 85 రాసినా 79 మార్కులే ఎందుకు?

సైనిక్ స్కూల్లో పన్నెండు చదివే మీ అబ్బాయికి ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ ప్రవేశ పరీక్ష) మ్యాథ్స్ మాక్ టెస్ట్‌లో 85 ప్రశ్నలు రాస్తే 45 రైట్, 40 తప్పు అన్నారు కదండీ. లెక్క చూడండి: ఒక్కో రైట్‌కీ 2.5 మార్కులు, 45×2.5=112.5. ప్రతి తప్పుకీ 0.83 చొప్పున సుమారు 33.3 పోయి మిగిలింది 79.17. ముందు ఆ 40నీ రెండు కుప్పలు చేయించండి: ‘వచ్చు అనుకుని తప్పినవి’, ‘ఊరికే పెట్టినవి’.

నాలుగు ఆప్షన్లలో గుడ్డిగా ఒకటి పెట్టినవాటికి సగటు లాభం సున్నా, పైగా టైమ్ దండగ. రెండు ఆప్షన్లు కొట్టేయగలిగితే మాత్రం పెట్టొచ్చు, సగటున 0.83 కలిసొస్తుంది.

అసలు నష్టం మొదటి కుప్పలోనే ఉంటుంది. ఉదాహరణకి 3×3 మాత్రిక A కి నిర్ధారకం (డిటర్మినెంట్) |A|=4 అయితే |2A| ఎంత? 8 అనేస్తారు. ప్రతి వరుస నుంచీ ఒక 2 బయటికొస్తుంది కాబట్టి 8×4=32. అడ్జాయింట్ మాత్రిక నిర్ధారకం |adj A| అయితే 4²=16. ఇలాంటివి తప్పుల నోట్‌బుక్‌లో కారణంతో సహా రాయించి, వారానికోసారి జవాబు మూసి మళ్లీ చేయించండి.

120 ప్రశ్నలకి 150 నిమిషాలు, అంటే ఒక్కోదానికి 75 సెకన్లు. క్యాలిక్యులేటర్ ఉండదు. రెండు నిమిషాలు దాటితే వదిలేసి ముందుకెళ్లాలి.

ఇంకోటి: బైనరీ సంఖ్యలు, సహసంబంధం, రిగ్రెషన్ సిలబస్‌లో ఉన్నాయి. క్లాసులో చెప్పలేదని వదిలేయకండి, సులువైన మార్కులవి.