నోటీసులో సమయం పక్కన ఏముందో ముందు చూడండి

మీ కనెక్షన్ నుంచి ఒక సినిమా డౌన్‌లోడ్ అయిందని ఇంటర్నెట్ కంపెనీ మెయిల్ పంపిందని, ఇంట్లో అందరూ తాము కాదంటున్నారని, ఏం జవాబివ్వాలో తోచడం లేదని రాశారు. రెండేళ్ల క్రితం విశాఖపట్నం ఎంవీపీ కాలనీలోని మా ఇంటికీ ఇలాంటి నోటీసే వచ్చింది. ఆ రాత్రి నాకు కంటి మీద కునుకు లేదు.

మా నోటీసులో ఆదివారం 19:12 అని ఉంది. ఆ సాయంత్రం ఇంటికి తాళం వేసి మేమంతా ఆర్కే బీచ్‌కు వెళ్లాం. ‘ఇది మాది కాదు’ అని కోపంగా జవాబు టైపు చేశాను. పంపబోతుండగా ఆ అంకెల పక్కన యూటీసీ (UTC) అన్న మూడు అక్షరాలు కనిపించాయి. అది ప్రపంచమంతటికీ ప్రామాణికంగా వాడే సమయం. మన సమయం దానికంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. అంటే అసలు సంగతి జరిగింది అర్ధరాత్రి దాటాక 12:42కు. తేదీ కూడా మారిపోయింది.

ఆ వేళకు మేడ మీద గదిలో లైటు వెలుగుతూనే ఉంటుంది. అక్కడ అద్దెకున్న ఇంజినీరింగ్ విద్యార్థికి వైఫై పాస్‌వర్డ్ నేనే ఇచ్చాను. ఉదయం వెళ్లి, కేకలు వేయకుండా నోటీసు చూపించాను. అతను లాప్‌టాప్ తెరిచాడు. సినిమా చూసి మూడు రోజులైనా టోరెంట్ ప్రోగ్రాం నడుస్తూనే ఉంది, అప్‌లోడ్ గడిలో అంకె పెరుగుతూనే ఉంది. అసలు చిక్కంతా ఇక్కడే. టోరెంట్‌లో మనం తీసుకునే ఫైలు ముక్కలనే ఇతరులకు పంపిస్తూ ఉంటాం. పంచుకునే వాళ్లందరికీ మన ఐపీ అడ్రసు, అంటే ఇంటర్నెట్‌లో మన కనెక్షన్‌ను గుర్తించే నెంబరు, కనిపిస్తుంది. హక్కుదారుల తరఫున పనిచేసేవాళ్లు అందులో చేరి అడ్రసు, సమయం, ఫైలు పేరు నమోదు చేసి కంపెనీకి పంపుతారు. అప్పుడు ఆ అడ్రసు ఎవరి పేరు మీద ఉందో కంపెనీ రికార్డుల్లో చూసి మెయిల్ పంపుతుంది. ఆ పని చేసిన మనిషి ఎవరో దానికి తెలియదు.

నా జవాబు నాలుగే వాక్యాలు. నోటీసు అందింది, నెంబరు ఇది. కనెక్షన్ వాడేవారందరినీ విచారించాను. ఆ ఫైలును, ప్రోగ్రాంను తీసేయించాను. పాస్‌వర్డ్ మార్చాను. ‘నేనే చేశాను’ అని రాయలేదు, ‘ఎవరూ చేయలేదు’ అనీ రాయలేదు. రెండూ అబద్ధాలే కదా. ఆ అబ్బాయి పేరు వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు. మళ్లీ మెయిల్ రాలేదు.

అలాగని తేలిగ్గా తీసుకోకండి. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 63 ప్రకారం తెలిసి చేసిన ఉల్లంఘనకు ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల జరిమానా ఉన్నాయి. కంపెనీ పంపే మెయిల్ హెచ్చరిక మాత్రమే. కోర్టు నుంచో లాయరు నుంచో కాగితం వస్తే మాత్రం సొంతంగా జవాబు రాయకుండా లాయరును కలవండి. లింకు నొక్కి డబ్బు కట్టమని ఉంటే కట్టకండి, బిల్లు మీదున్న నెంబరుకు ఫోన్ చేసి అడగండి. ఇప్పటికే కట్టేసి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేయండి.

ఐదున్నర గంటలు కలిపి చూశాక కూడా మీ ఇంట్లో ఎవరూ చేయలేదని తేలితే, ఆ మాట ధైర్యంగా రాయండి. కొన్ని కంపెనీలు ఒకే ఐపీ అడ్రసును చాలా ఇళ్లకు కలిపి ఇస్తాయి. అలాంటప్పుడు సమయంతో పాటు పోర్టు నెంబరు (ఒకే అడ్రసు వాడే కనెక్షన్లను వేరు చేసే అంకె) కూడా ఉంటేనే ఏ ఇల్లో తేలుతుంది. ఆ నెంబరు సరిచూశారా అని రాతపూర్వకంగా అడగండి.