చిన్న నక్షత్రాలకు అన్ని ఎక్స్-కిరణాలు ఎక్కడివి?

ప్రశ్న: పునర్వసు తారల్లో ఒకటైన క్యాస్టర్ పక్కనున్న ఎర్ర మరుగుజ్జు జంట ఎక్స్-కిరణాలను ధారాళంగా వెదజల్లుతుందని చదివాను. అవి సూర్యుడికన్నా చిన్నవి, చల్లనివి కదా! ఒకదాని వాయువు రెండోదాని మీద పడుతున్నందువల్లనేనా?

జవాబు: కాదు. భౌతికశాస్త్రం బోధించే రోజుల్లో నేనూ ఒక విద్యార్థికి ఇదే కారణం చెప్పి, మరుసటి వారం తరగతిలో అందరి ముందూ దిద్దుకున్నాను. కాబట్టి మీ ప్రశ్న మీద నాకు కొంత అభిమానం ఉంది.

ఆ జంట పేరు వైవై జెమినోరమ్. దూరం సుమారు 50 కాంతి సంవత్సరాలు. రెండూ దాదాపు సరిసమానం, ఒక్కొక్కటి సూర్యుడి ద్రవ్యరాశిలో 0.6 వంతు. సుమారు 19న్నర గంటలకు ఒకసారి పరస్పరం చుట్టివస్తాయి. అంత దగ్గరున్నా ఒకదాని వాయువు మరొకదానిపైకి ఒలకదు. తోడు చేసే పని వేరు: తిరిగే వేగం తగ్గనివ్వదు.

ఒంటరి నక్షత్రం నుంచి వీచే వాయుప్రవాహం అయస్కాంత క్షేత్రాన్ని పట్టుకుని పోతూ భ్రమణ వేగాన్ని కొద్దికొద్దిగా హరిస్తుంది. అలా మందగించిన సూర్యుడికి మధ్యరేఖ వద్ద ఒక్కసారి తిరగడానికి 25 రోజులు పడుతోంది. దగ్గరి జంటలో ఆటుపోటు బలాలు, అంటే గురుత్వంతో ఒకదాన్నొకటి లాగి సాగదీసే బలాలు, ఆత్మభ్రమణాన్ని కక్ష్యతో ముడివేస్తాయి. ఇక్కడా వాయుప్రవాహం దోచుకుంటూనే ఉంటుంది, కానీ ఆ లోటును కక్ష్య పూడుస్తుంది. ఆ ఖర్చుకు జంట నెమ్మదిగా దగ్గరవుతుంది.

లోపల ఉడుకుతూ పైకీ కిందికీ పొర్లే వాయువు ఇంత వేగంగా తిరిగితే బలమైన అయస్కాంత క్షేత్రం పుడుతుంది. దాని రేఖలు మెలిపడి, తెగి, మళ్లీ అతుక్కున్నప్పుడు విడుదలయ్యే శక్తి పై వాతావరణమైన కరోనాను కోటి డిగ్రీల దాకా వేడెక్కిస్తుంది. ఎక్స్-కిరణాలు వచ్చేది అక్కడి నుంచే. 3,800 కెల్విన్‌ల ఉపరితలానికి అంత శక్తి లేదు. ఇలాంటి నక్షత్రాల మొత్తం వెలుగులో వెయ్యో వంతు దాకా ఎక్స్-కిరణాలే. సూర్యుడిలో ఆ పాలు పది లక్షల్లో ఒక వంతు ఉంటే గొప్ప. అయితే వేగం ఇంకా పెరిగినా ఆ వెయ్యో వంతు దాదాపు అక్కడే ఆగిపోతుంది.

మన దృష్టిరేఖలో ఒకదాన్నొకటి కప్పుకోవడం ఈ జంట చేసిన మేలు. ఎక్స్‌ఎంఎం-న్యూటన్ ఉపగ్రహం చూసినప్పుడు గ్రహణ వేళ ఎక్స్-కిరణాలు కూడా తగ్గాయి. అంటే కరోనా ఎక్కడో దూరాన పరచుకుని లేదు, నక్షత్రాన్ని అంటిపెట్టుకునే ఉంది.

జంట కనబడగానే నేరం తోడు మీద వేయకండి. యూవీ సెటి అనే ఎర్ర మరుగుజ్జు కూడా జంటలోనిదే, 1952లో 20 సెకన్లలో 75 రెట్లు వెలిగింది. కానీ దాని తోడు చాలా దూరం, ఒక్క చుట్టుకే సుమారు 26 ఏళ్లు. ఆ నక్షత్రం కొన్ని గంటలకొకసారి గిర్రున తిరగడంలో తోడు ప్రమేయం లేదు.

వైవై జెమినోరమ్‌ను చిన్న టెలిస్కోపులోనే చూడవచ్చు: క్యాస్టర్‌కు ఒక కోణ నిమిషం (డిగ్రీలో అరవయ్యో వంతు) పైచిలుకు దూరంలో, తొమ్మిదో ప్రకాశ తరగతి ఎర్ర చుక్క. గ్రహణం చూద్దామని ఒక రాత్రి పక్క చుక్కతో పోల్చుకుంటూ కూర్చున్నాను. కాస్త మసకబారిందనుకునేసరికి మబ్బు పట్టింది.