దశమభాగంలో బధిరుల వంతు ఏది?

పోయిన నెల దశమభాగం (రాబడిలో దేవునికి ఇచ్చే పదోవంతు) గురించి రాశాక వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజీల్లో నాలుగు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. వినికిడి లేని విశ్వాసులు, వాళ్ల కుటుంబాలు, సంఘంలో వాళ్ల చోటు. అందుకే మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి ఈసారి వీటికే జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మా తమ్ముడు పుట్టుకతో బధిరుడు. మా సంఘంలో వాడికి ఏమీ అర్థం కాక, పక్క టౌనులో సైన్ లాంగ్వేజ్‌లో జరిగే ఆరాధనకు వెళ్తున్నాడు. నా దశమభాగంలో సగం ఆ పరిచర్యకు పంపుతున్నాను. ఈ సంగతి తెలిసి మా ట్రెజరర్ గారు దశమభాగమంతా మందిరపు నిధికి తెమ్మనే మలాకీ 3:10 తీసి చూపించి, మందిరపు నిధి అంటే సొంత సంఘమే, బయటికి ఇస్తే దేవుని దగ్గర దొంగిలించినట్టే అన్నారు. అప్పట్నుంచి ఒకటే టెన్షన్, నిద్ర పట్టడం లేదు. – ఒక సోదరి, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: అమ్మా, ముందు మీరు కంటినిండా నిద్రపోండి. మీరు దొంగతనం చేయలేదు.

మలాకీ చెప్పిన నిధి అంటే యెరూషలేము దేవాలయంలో ధాన్యం, ద్రాక్షారసం, నూనె నిల్వ చేసే గదులు. ఆ గదులకు ఏం జరిగిందో నెహెమ్యా 13వ అధ్యాయంలో ఉంది, ఒకసారి చదవండి. యాజకుడైన ఎల్యాషీబు వాటిలో ఒక పెద్ద గదిని తనకు బంధువైన టోబీయాకు ఇచ్చేశాడు. మరోపక్క మందిరంలో సేవ చేసే లేవీయులకు రావలసిన భాగాలు అందక వాళ్లు మందిరం పని వదిలేసి పొలాలకు వెళ్లిపోయారు. నెహెమ్యా వచ్చి టోబీయా సామానంతా బయట పారేయించి, గదులు శుభ్రం చేయించి, జనం మళ్లీ తెచ్చిన ధాన్యాన్ని పంచడానికి నమ్మకమైన మనుషుల్ని పెట్టాడు. తెచ్చేవాళ్లకు ఎంత బాధ్యత ఉందో తాళం చేతిలో ఉన్నవాళ్లకూ అంతే ఉందన్నమాట. మలాకీ 3 మీద మన సంఘాల్లో ప్రసంగాలకు కొదవ లేదు. నెహెమ్యా 13 మీద చెప్పినవాళ్లు నాకైతే పెద్దగా తగల్లేదు, చెప్పాల్సిన అవసరం మాత్రం చాలా ఉంది.

ఇంకొకటి. ద్వితీయోపదేశకాండం 14:28, 29 ప్రకారం మూడో సంవత్సరపు దశమభాగం యెరూషలేముకు వెళ్లేదే కాదు. ఎవరి ఊళ్లో వాళ్లు దాన్ని ఉంచాలి. లేవీయులు, పరదేశులు, తండ్రిలేని పిల్లలు, విధవరాండ్రు వచ్చి కడుపునిండా తినాలి. పొలం లేక, పంట లేక, సాధారణంగా అందరికీ అందేది తమదాకా రాని మనుషుల కోసం ధర్మశాస్త్రమే ఆ భాగాన్ని విడిగా ఉంచింది. మీ తమ్ముడికి వాక్యం అందడం లేదు. దాన్ని అందించే చోటికి మీరు సగం పంపితే ధర్మశాస్త్రాన్ని మీరినట్టు ఎలా అవుతుంది?

అయితే సొంత సంఘానికి ఇవ్వడం మానేయమని మాత్రం చెప్పను. చిన్న సంఘాల పరిస్థితి నాకు తెలుసు. నాలుగు కుటుంబాలు కానుక కవరు ఆపేస్తే కాపరి (పాస్టర్) ఇంట్లో ఆ నెల సరుకులు ఉండవు. సువార్త ప్రకటించేవాళ్లు సువార్త వల్లనే బతకాలని 1 కొరింథీ 9:14లో ఉంది, అదీ వాక్యమే. కాబట్టి సగం సగం అన్న మీ పద్ధతిని తప్పుపట్టను. కానీ అక్కడితో ఆగకండి. కమిటీకి రాతపూర్వకంగా ఒక అర్జీ పెట్టండి: మా సంఘ బడ్జెట్‌లో బధిరుల కోసం ఒక పద్దు ఉండాలి, నెలలో కనీసం ఒకటి రెండు ఆదివారాలు ఇంటర్‌ప్రిటర్‌ను పిలవాలి, రానుపోను ఖర్చు, భోజనం, గౌరవ వేతనం సంఘమే భరించాలి. కొత్త మైక్ సెట్టు, మిక్సర్, స్పీకర్ బాక్సులు కావాలంటే ఒక్క మీటింగులో తీర్మానం అయిపోతుంది కదా, ఎవరూ దాన్ని దానధర్మం అనరు. వినగలిగినవాళ్లకు వాక్యం బాగా వినబడాలని పెట్టే ఖర్చు అది. వినలేనివాళ్లకు అదే వాక్యం కనబడాలని పెట్టే ఖర్చు ఇంటర్‌ప్రిటర్‌ది. రెండూ ఆరాధన ఖర్చులే. రెండోదానికి మాత్రం స్పెషల్ కానుక పట్టమనడం న్యాయం కాదు.

అపొస్తలుల కార్యములు 6లో గ్రీకు మాట్లాడే విధవరాండ్రను రోజువారీ పంపకంలో పట్టించుకోవడం లేదని సణుగు పుట్టింది. మీ భాషవాళ్లు వేరే సంఘం పెట్టుకోండి అని అపొస్తలులు అనలేదు. ఏడుగురిని ఏర్పాటు చేశారు, ఆ ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. మీ ట్రెజరర్ గారితో కూర్చుని ఆ అధ్యాయం కలిసి చదవండి, కోపంగా కాదు, ప్రార్థనతో.

ఒక్క జాగ్రత్త చెప్పాలి. ఎక్కడికి పంపినా రసీదు, ఏడాది లెక్క అడగండి. బధిర పిల్లల ఫొటోలు చూపించి డబ్బులు అడిగేవాళ్లు లెక్క చూపించకపోతే వాళ్లకు పంపకండి.

ప్రశ్న: నేను బధిరుణ్ణి. టైలర్ షాపులో పీస్ వర్క్ చేస్తాను. నాకు 6,000 పింఛను వస్తుంది. అందులో 600 దశమభాగం కట్టాలని, కట్టకపోతే శాపం అని చెప్పారు. ఇది మా చెల్లి నా తరఫున టైప్ చేస్తోంది. – ఒక సోదరుడు, ప్రకాశం జిల్లా

జవాబు: తమ్ముడూ, నీ చెల్లికి కూడా వందనాలు.

ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛను 2024 జూలై నుంచి 3,000 నుంచి 6,000 అయింది. పెరిగిన వెంటనే దాని మీద లెక్క వేసేవాళ్లు కూడా తయారవడం నాకు బాధగా ఉంది. ధర్మశాస్త్రంలో దశమభాగం పొలం పంటలోంచి, పశువుల మందలోంచి తీసేవాళ్లు. భూమి ఉన్నవాడు ఇచ్చేవాడు, లేనివాడు పుచ్చుకునేవాడు. పింఛను అనేది నీకు బతుకు జరగాలని ఇచ్చేది. దాని మీద పదోవంతు కట్టకపోతే శాపం అనడానికి బైబిల్లో నాకు ఒక్క వచనం కూడా కనబడలేదు. శాపం నుంచి క్రీస్తు మనల్ని విమోచించాడని గలతీ 3:13లో ఉంది, అది నీకూ వర్తిస్తుంది.

బీద విధవరాలు రెండు కాసులు వేసిన సంగతి నీకు చెప్పే ఉంటారు. లూకా సువార్తలో ఆ మాట 21వ అధ్యాయం మొదట్లో వస్తుంది. దానికి సరిగ్గా ముందు, 20:47లో, విధవరాండ్ర ఇళ్లు దిగమింగే శాస్త్రుల (ధర్మశాస్త్రం బోధించేవాళ్ల) గురించి యేసు హెచ్చరించాడు. ఆ రెండూ కలిపి చదవాలి. ఎవరూ బలవంతపెట్టకుండా ఆమె ఇచ్చింది, యేసు ఆమెను మెచ్చుకున్నాడు, అడిగి లాక్కునేవాళ్లను మాత్రం మెచ్చుకోలేదు.

అలాగని నిన్ను ఇవ్వొద్దని చెప్పడానికి నేనెవర్ని? నీ కుట్టు పని మీద వచ్చినదాంట్లోంచి సంతోషంగా యాభై ఇవ్వాలనిపిస్తే యాభై ఇవ్వు, ఇంకా ఎక్కువ ఇవ్వాలనిపిస్తే ఇవ్వు. 2 కొరింథీ 9:7లో ‘సణుగుకొనకయు బలవంతముగా కాకయు’ అని రాసి ఉంది. ఎంతోమంది బధిరులను సంఘాల్లో ఎప్పుడూ పుచ్చుకునేవాళ్లుగానే చూస్తారు, ఇచ్చే గౌరవం వాళ్లకు దక్కనివ్వరు, అదీ తప్పే. కానీ ఆ ఆదివారం ప్రసంగంలో ఒక్క ముక్క కూడా నీకు అర్థమయ్యేలా చెప్పకుండా 600 మాత్రం లెక్క కట్టి అడిగారంటే, వాళ్లే నీకు బాకీ ఉన్నారు.

ప్రశ్న: మా బాబుకి రెండున్నరేళ్లు. పిలిస్తే పలకడు. ఒక స్వస్థత కూటంలో స్టేజీ మీదికి తీసుకెళ్లి చెవుల్లో గట్టిగా అరిచారు, బాబు భయపడి ఏడ్చాడు. మేం దశమభాగం సరిగ్గా ఇవ్వనందుకే ఇలా అయిందని, విత్తన కానుక (విత్తినట్టు ఇస్తే దీవెన పండుతుందని అడిగే డబ్బు) కట్టమని చెప్పారు. మా ఆయన గొలుసు తాకట్టు పెడదామంటున్నారు. – ఒక తల్లి, నల్గొండ జిల్లా

జవాబు: తాకట్టు పెట్టొద్దమ్మా. ఈ సంచిక మీ ఆయన చేతికి ఇచ్చి చదివించండి.

పుట్టుగుడ్డివాణ్ణి చూపించి ఎవరు పాపం చేశారని శిష్యులు అడిగితే ‘వీడైనను వీని కన్నవారైనను పాపము చేయలేదు’ అన్నాడు యేసు (యోహాను 9:3). మీకు చెప్పింది దానికి పూర్తిగా వ్యతిరేకం. మార్కు 7లో చెవిటివాడైన మనిషిని యేసు దగ్గరికి తెచ్చినప్పుడు ఆయన చేసిన మొదటి పని వాణ్ణి జనంలోంచి పక్కకు, ఏకాంతానికి తీసుకెళ్లడం. తర్వాత చెవుల్లో వేళ్లు పెట్టాడు, నాలుక ముట్టాడు, ఆకాశం వైపు కన్నులెత్తాడు. వినలేనివాడికి ఏం జరగబోతోందో కంటితో, స్పర్శతో తెలిసేలా చేశాడు. స్టేజీ లేదు, అరుపుల్లేవు, పైసా అడగలేదు.

ప్రార్థన మానొద్దు, కానీ ఈ వారంలోనే బాబును ఈఎన్‌టీ డాక్టరుకు చూపించి వినికిడి పరీక్ష చేయించండి. చిన్నపిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ (వినికిడి కోసం చెవి లోపల అమర్చే పరికరం) ఆపరేషన్‌ను ఆరోగ్యశ్రీ కింద చేసే ఏర్పాటు ఉంది, బాబుకు అది పనికొస్తుందో లేదో డాక్టరు చెప్పాలి, ఇలాంటివాటికి వయసు ముఖ్యం కాబట్టి ఆలస్యం చేయొద్దు. ఏది ఏమైనా ఇంట్లో సైగలు మొదలుపెట్టండి. అన్నం, నీళ్లు, అమ్మ, నాన్న, నిద్ర. భాష లేకుండా ఒక్క నెల కూడా గడవకూడదు.

ప్రశ్న: మా సంఘంలో ముగ్గురు బధిర యువకులు ఉన్నారు. వాళ్ల కోసం ఏమైనా చేద్దామంటే, ‘వినుట వలన విశ్వాసము కలుగును’ అని ఉంది కదా, వినలేనివాళ్లకు మనం ఏం చేయగలం అని ఒక పెద్దాయన అన్నారు. కమిటీని ఒప్పించాను, కానీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. – యూత్ సెక్రటరీ, ఖమ్మం

జవాబు: బ్రదర్, ఆ పెద్దాయనకు రోమా 10:17 తర్వాతి వచనం కూడా చదవమనండి. 18లో పౌలు ఎత్తి రాసింది 19వ కీర్తనలోని 4వ వచనం, ఆకాశాలు చేసే ప్రకటన గురించి. దానికి ముందు వచనంలో ‘వాటి స్వరము వినబడదు’ అని ఉంది. వినబడే స్వరం లేకుండానే భూమి అంతటా చేరిన సువార్తమానాన్ని పౌలే ఉదాహరణగా చూపిస్తుంటే, ఆ వచనం చూపించి బధిరులను పక్కన పెట్టడం కుదరదు. లూకా 1లో మాట పడిపోయిన జెకర్యాకు బిడ్డ పేరేమిటని సైగలు చేసి అడిగారు, ఆయన వ్రాతపలక తెప్పించుకుని ‘అతని పేరు యోహాను’ అని రాశాడు.

మీ సంఘంలో కనబడేది ముగ్గురే కావచ్చు. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద వినికిడి లోపం ఉన్నవాళ్లు 50 లక్షల పైచిలుకు. మీ పేటలోనే గుడికి రావడం మానేసినవాళ్లు ఉండొచ్చు, వాకబు చేయండి.

ఇప్పుడు పని. యూత్‌లో ఎవరో ఒకమ్మాయికి యూట్యూబ్‌లో నాలుగు సైన్లు నేర్పించి వచ్చే ఆదివారమే పుల్పిట్ పక్కన నిలబెట్టకండి. ఇండియన్ సైన్ లాంగ్వేజ్ అంటే తెలుగు వాక్యాన్ని చేతులతో వరసగా చూపించడం కాదు, దానికి సొంత వ్యాకరణం ఉంది. ప్రశ్న వేసే పదం వాక్యం చివర వస్తుంది, ముఖకవళికలు కూడా వ్యాకరణంలో భాగమే. కేంద్ర ప్రభుత్వం 2015లో ఢిల్లీలో పెట్టిన సైన్ లాంగ్వేజ్ పరిశోధన, శిక్షణ కేంద్రం తయారుచేసిన నిఘంటువు 2021 నాటికి 10,000 పదాలకు చేరింది, వీడియోలు ఉచితంగా చూడొచ్చు. ఇంటర్‌ప్రిటర్ కావడానికి రెండేళ్ల డిప్లొమా ఉంది. మీ యూత్‌లో శ్రద్ధ ఉన్న ఒకరిని సంఘం ఖర్చుతో ఆ కోర్సుకు పంపడం కంటే మంచి దశమభాగపు ఖర్చు నాకు తోచడం లేదు. అప్పటిదాకా శిక్షణ పొందిన ఇంటర్‌ప్రిటర్‌ను పిలవండి, ప్రసంగం నోట్స్, పాటలు, వచనాలు శనివారమే ఆయనకు పంపించమని కాపరి గారిని అడగండి.

తెలుగు బైబిలు చేతికిస్తే చాలు, చదువుకుంటారు అనుకోవద్దు. పుట్టుకతో వినికిడి లేని చాలామందికి రాసిన తెలుగు రెండో భాష, అందులోనూ మన గ్రాంథికం ఇంకా కష్టం. సైన్ లాంగ్వేజ్‌లో పూర్తి బైబిలు మొదటిసారి వచ్చిందే 2020లో, అదీ అమెరికన్ సైన్ లాంగ్వేజ్‌లో. మన దేశపు సైన్ లాంగ్వేజ్‌లో బైబిలు భాగాలు వీడియోలుగా దొరుకుతాయి, వాటితో వారం మధ్యలో ఒక స్టడీ పెట్టండి.

గుడిలో చూసుకోవలసినవి చిన్నచిన్నవే, కానీ వాటి దగ్గరే పని చెడుతుంది. ఇంటర్‌ప్రిటర్ వెనకాల కిటికీ ఉంటే ఎండకు ముఖం నల్లగా కనబడి ఏమీ తెలియదు, గోడ ముందు నిలబెట్టండి. ముగ్గురికీ ముందు వరసలో చోటు ఉంచండి. కరెంటు పోతే మీరు గొంతు పెంచి ప్రసంగం కొనసాగిస్తారు, రాత్రి కూటాల్లో వాళ్లకు అక్కడితో ఆరాధన అయిపోతుంది, కాబట్టి ఒక ఛార్జింగ్ లైటు ఇంటర్‌ప్రిటర్ మీదికి పెట్టండి. ‘అందరం తలలు వంచి కన్నులు మూసుకుందాం’ అన్నప్పుడు వాళ్లు కళ్లు తెరిచే ఉంటారు, ఉండాలి కూడా, లేకపోతే ప్రార్థనలో ఏం అడిగారో తెలియదు. పక్కనున్నవాళ్లు భక్తి లేదని మోచేత్తో పొడవకుండా సంఘానికి ముందే చెప్పండి. సంఘమంతా కనీసం యేసు అనే సైన్ నేర్చుకోవచ్చు, మధ్యవేలితో ఒక అరచేతిని, తర్వాత రెండో అరచేతిని తాకడం, మేకుల గుర్తు. చాలా దేశాల బధిర క్రైస్తవులు ఇలాగే చూపిస్తారు.

నాకు రాసినట్టే ఆ ముగ్గురినీ అడగండి, ముందే అడగాల్సింది. ఎక్కడ కూర్చుంటారు, ఏ టైము వీలు, ఏ ఇంటర్‌ప్రిటర్ భాష బాగా అర్థమవుతుంది, ఇవన్నీ వాళ్లకే తెలుసు. వాళ్లలో ఒకరిని కమిటీలోకి తీసుకోండి. ఏడాదికోసారి లెక్కలు చదివి ఓట్లు వేసే సర్వసభ్య సమావేశం ఉంటుంది చూడండి, ఇంటర్‌ప్రిటర్‌ను ఆ రోజుకూ తప్పకుండా పిలవండి.