బయ్యర్‌కి మెయిల్ రాసే అమ్మలుకి

భీమవరం

చి. అమ్మలుకి దీవెనలు.

రొయ్యల బయ్యర్‌కి నువ్వు పంపబోయే మెయిల్ చూశాను. ‘సారీ ఫర్ లేట్. ట్రక్ డిడ్ నాట్ కేమ్. ఇఫ్ రెయిన్ విల్ స్టాప్, మేబీ వుయ్ విల్ సెండ్ టిల్ ఫ్రైడే’ అని రాశావు. విషయం తెలుస్తోంది. కానీ సరుకు శుక్రవారంలోగా వెళ్తుందో, శుక్రవారం దాకా వెళ్తూనే ఉంటుందో తేలలేదు. డబ్బుతో పనున్నచోట అది చిన్న పొరపాటు కాదమ్మా. గడువుకి బై, అప్పటిదాకా సాగే పనికి టిల్.

ముందు క్షమాపణ. ‘సారీ ఫర్’ తర్వాత నామవాచకమైనా, ఇంగ్ చేర్చిన క్రియైనా రావాలి: ‘సారీ ఫర్ ది డిలే’, ‘సారీ ఫర్ రిప్లయింగ్ లేట్’. ఇప్పుడు పెడుతున్న ఇబ్బందికైతే ‘సారీ టు ట్రబుల్ యూ’. అపాలజైజ్ క్రియ, మనిషికి టు, తప్పుకి ఫర్: ‘ఐ అపాలజైజ్ టు యూ ఫర్ ది డిలే’. ‘మై అపాలజైజ్’ అని రాసేస్తుంటారు, అక్కడ ఉండాల్సింది ‘మై అపాలజీస్’. డిడ్ వచ్చాక భూతకాలం అందులోనే అయిపోయింది, వెనక కమ్ చాలు. ‘సారీ ఇఫ్ దేర్ వాజ్ ఎ డిలే’ అని మాత్రం రాయకు. ఆలస్యమైందని తెలిసీ, అయిందో లేదో అన్నట్టు మాట్లాడితే అవతలివాళ్లకి ఒళ్లు మండుతుంది.

‘వాన ఆగితే’ రేపటి సంగతి కదా అని ఇఫ్ పక్కన విల్ వేసేస్తాం. ఇంగ్లీషులో ఆ సగానికి వర్తమానమే: ‘ఇఫ్ ది రెయిన్ స్టాప్స్, వుయ్ విల్ హార్వెస్ట్ ఆన్ థర్స్‌డే’. వెన్, అన్‌టిల్, యాజ్ సూన్ యాజ్‌లకీ అంతే.

మీ పనిలో పట్టుబడి, అంటే చెరువులో రొయ్యలు పట్టే తేదీ దేవుడి చేతిలో ఉంటుంది. గట్టు నానితే లారీ ఎక్కదు. రాత్రి నీళ్లలో ఆక్సిజన్ పడిపోతే వచ్చే వారం పట్టాల్సిన చెరువు తెల్లారేసరికి పట్టేయాలి. అందుకని ఎంత నమ్మకముంటే అంత మాటే వాడు. ఐసు, లారీ, మనుషులు అన్నీ కుదిరిపోతే విల్. అడ్డేమీ రాకపోతే వెళ్లిపోతుందనుకుంటే షుడ్: ‘ది కంటైనర్ షుడ్ లీవ్ ఆన్ సాటర్‌డే’. అటో ఇటో తెలియనప్పుడు మే, మైట్. వీటి తర్వాత క్రియ మూలరూపంలోనే ఉండాలి. ‘మే విల్’, ‘మైట్ టు’, ‘మైట్ కమింగ్’ తప్పులు. కలిపి రాసిన మేబీ అంటే బహుశా. విడదీస్తే క్రియ: ‘ది ట్రక్ మే బి లేట్’.

ఇంకో సంగతి. రైతుతో ‘చూద్దామండి’ అంటే కుదరదని ఆయనకి అర్థమైపోతుంది. బయ్యర్‌కి ‘వుయ్ విల్ ట్రై’ అని రాస్తే, పని మొదలైందనుకుని అక్కడ కోల్డ్ స్టోరేజీలో చోటు మాట్లాడుకుంటాడు. కుదిరేలా లేకపోతే ‘వుయ్ ఆర్ అన్‌లైక్లీ టు షిప్ దిస్ వీక్’ అని తేల్చి చెప్పు.

నీ మెయిల్ ఇలా మార్చు:

‘ఐ అపాలజైజ్ ఫర్ ది డిలే. వుయ్ వర్ గోయింగ్ టు లోడ్ ఆన్ మండే, బట్ ది ట్రక్ డిడ్ నాట్ కమ్ బికాజ్ ఆఫ్ ది రెయిన్. ఇఫ్ ది రెయిన్ స్టాప్స్ టుడే, ది షిప్‌మెంట్ షుడ్ లీవ్ బై ఫ్రైడే. ఐ విల్ కన్ఫర్మ్ బై వెడ్నస్‌డే ఈవినింగ్.’

‘వర్ గోయింగ్ టు’ అనుకుని జరగని పనికి. విల్ ఒక్క చివరి ముక్కకే ఉంచాను, కబురు చెప్పడం నీ చేతిలో పని కాబట్టి. ఈవినింగ్ బదులు ‘6 పీఎం ఇండియన్ టైమ్’ అంటే ఇంకా మంచిది. మనకి సాయంత్రం 6 అయితే న్యూయార్క్‌లో ఇంకా ఉదయమే.

మీ పెదనాన్న