అంటార్కిటికా సీ స్క్విర్ట్‌లను గుర్తుపట్టడం: శిష్యురాలికి ఒక లేఖ

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. దక్షిణ షెట్లాండ్ దీవుల దగ్గర తీసిన సీ స్క్విర్ట్‌ల (సముద్రపు అడుగున అతుక్కుని, నీటిని వడకట్టి తినే సంచిలాంటి జంతువుల) సీసాలు నీ టేబుల్ మీదికి వచ్చాయని రాశావు. రంగూ ఆకారమూ చూసి విడదీస్తే సరిపోతుందా అని అడిగావు. సరిపోదు తల్లీ. ఫార్మలిన్‌లో రంగు నిలవదు, జంతువు ముడుచుకుపోతే ఆకారమూ మారిపోతుంది. బయటి ట్యూనిక్ (పైతొడుగు) మీద బ్రయోజోవన్లో స్పాంజీలో పెరిగి ఉంటే అసలు ఉపరితలమే కనపడదు. నీటిలో ఉండగా తీసిన ఫొటోలుంటే డైవర్ల దగ్గర తప్పకుండా అడిగి తీసుకో. ఆ రంగు మళ్లీ దొరకదు. కానీ పేరు మాత్రం లోపల చూశాకే పెట్టు.

ఒంటరి జాతులతో మొదలుపెట్టు. ముందు సైఫన్ల, అంటే నీరు వచ్చిపోయే గొట్టాల, అంచు తమ్మెలు లెక్కపెట్టు. నోటి సైఫన్‌కూ, నీరు బయటికి పోయే సైఫన్‌కూ నాలుగేసి ఉంటే స్టైలిడే కుటుంబమో ప్యూరిడే కుటుంబమో అనుకోవచ్చు. నోటికి ఆరు, రెండోదానికి నాలుగు ఉంటే మాల్గులిడే కుటుంబం వైపు చూడు. తర్వాత ట్యూనిక్ జాగ్రత్తగా ఒలిచి, నోటి సైఫన్ నుంచి కింద దాకా ఎండోస్టైల్ (పొట్టవైపు నిలువుగా ఉండే గాడి) పక్కనే కత్తెర పోనిచ్చి, పుస్తకంలా తెరువు. ఎదురువైపు నుంచి కోస్తే వీపువైపు ఉండే డోర్సల్ ట్యూబర్‌కిల్ (చిన్న బుడిపె), డోర్సల్ లామినా (పల్చటి పొర) పాడైపోతాయి. ఆ రెండూ నీకు కావాలి. తెరిచాక హీమాలమ్‌తో రంగు వేస్తే మొప్పల సంచి మడతలు, చీలికలు స్పష్టంగా కనిపిస్తాయి.

అక్కడే అసలు సంగతంతా ఉంటుంది. నోటి లోపలి టెంటకిల్స్ (మీసాల్లాంటి తీగలు) కొమ్మలు లేకుండా ఉండి, మొప్పల సంచికి పక్కకి నాలుగుకి మించని మడతలుంటే అది స్టైలిడే. టెంటకిల్స్ కొమ్మలు వేసి, చీలికలు నిటారుగా ఉంటే ప్యూరిడే. కొమ్మలూ ఉండి, చీలికలు సుడి తిరిగి, కుడి పక్కన మూసుకుపోయిన మూత్రపిండపు సంచి కనిపిస్తే ఇక సందేహం వద్దు, అది మాల్గులిడే. మడతలే లేకపోతే అసిడియా, కొరెల్లా లాంటి ప్రజాతులను చూడాలి. ఈ రెంటినీ పేగు పట్టిస్తుంది: అసిడియాలో ఎడమ పక్కన, కొరెల్లాలో కుడి పక్కన. ఎడమ, కుడి అంటే జంతువువి, నీవి కావు. ఎండోస్టైల్ పొట్టవైపు అని గుర్తుంచుకుని దిక్కు చూసుకో.

ఎన్నో చిన్న జంతువులు కలిసి ఒక్కటిగా పెరిగే కాలనీలలో పని నెమ్మదిగా సాగుతుంది. కొన్ని మీటర్ల పొడవు పెరిగే డిస్టాప్లియా సిలిండ్రికాను చూడగానే గుర్తుపట్టొచ్చు. మిగతావాటిలో మాత్రం జూయిడ్‌ను, అంటే కాలనీలోని చిన్న జంతువును, ఒక్కొక్కటిగా బయటికి తీయాల్సిందే. దాని శరీరం మూడు భాగాలుగా ఉంటే ఆప్లిడియం, సైనోయికమ్ ప్రజాతుల వైపు పో. ట్యూనిక్‌లో నక్షత్రాకారపు సున్నపు ముళ్లు ఉంటే డిడెమ్నిడే కుటుంబం. ఈ ముళ్ల కోసమే ఫార్మలిన్‌ను బోరాక్స్‌తో బఫర్ చేయాలి. ఆమ్లమైతే అవి కరిగిపోతాయి, నువ్వేమో లేవని రాసేస్తావు. లోపల లార్వా దొరికితే అదృష్టం. దాన్ని విడిగా దాచిపెట్టు, జాతి తేల్చడానికి బాగా పనికొస్తుంది.

పాత పేర్లను గుడ్డిగా నమ్మకు. నెమిడోకార్పా వెర్రుకోసాను లెసన్ అనే శాస్త్రవేత్త 1830లోనే వర్ణించాడు. అంటార్కిటికాలో అందరికీ బాగా తెలిసిన జంతువు. అయినా ఆ పేరు కింద రెండు జాతులున్నాయని డీఎన్ఏ, శరీర నిర్మాణం రెండూ చూసి 2020లో చూపించారు. కొరెల్లా అంటార్కిటికాను స్లూయిటర్ 1905లో వర్ణిస్తే, తర్వాత చాలాకాలం కొరెల్లా యుమ్యోటాలో కలిపేశారు. మళ్లీ విడదీయాల్సి వచ్చింది. అందుకే ప్రతి జంతువు నుంచి చిన్న కండరపు ముక్క 96 శాతం ఆల్కహాల్‌లో పెట్టు. ఫార్మలిన్ తగిలించకముందే తీయాలి. ఇప్పటికే ఫార్మలిన్‌లో ఉన్నవాటికి ఇది కుదరదు, కానీ వచ్చే సీజన్‌లో వెళ్లేవాళ్లకు ఇప్పుడే చెప్పు. మెంథాల్‌తో మత్తెక్కించాకే ఫిక్స్ చేయమని (ఫార్మలిన్‌లో పెట్టమని) కూడా చెప్పు. చల్లటి నీటిలో అది నిదానంగా పనిచేస్తుంది, తొందరపడవద్దను.

ఇంత శ్రమ ఎందుకంటావేమో. దక్షిణ షెట్లాండ్ దీవుల్లో ఒకటైన కింగ్ జార్జ్ దీవిలోని పాటర్ కోవ్‌లో హిమనదం వెనక్కి తగ్గి, నీటిలో మట్టి పెరిగింది. 1990లలో అసిడియన్లు, అంటే మన సీ స్క్విర్ట్‌లే, రాజ్యమేలిన సముద్రపు అడుగు 2010 నాటికి వేరే జీవులతో కలగాపులగమైంది. మట్టిని అన్ని జాతులూ ఒకేలా తట్టుకోలేవు. మాల్గులా పెడంక్యులేటాకు అది బాగా ఇబ్బంది. పాత సర్వే చేసినవాళ్లు జాతి జాతినీ విడిగా లెక్కపెట్టి ఉండకపోతే ఈ మార్పు ఎవరికీ పట్టుబడేది కాదు. నువ్వు ఇవాళ రాసే పేర్లతో ముప్పై ఏళ్ల తర్వాత ఇంకెవరో పోల్చి చూస్తారు.

సీసా లోపల పెన్సిల్‌తో రాసిన చీటీ వేయడం మరచిపోవద్దు. పైన అతికించిన లేబుల్ ఊడిపోతుంది. కోసిన జంతువులో మిగిలిన సగాన్ని, ఒలిచిన ట్యూనిక్‌ను కూడా అదే సీసాలో ఉంచు. తేలనివాటికి కుటుంబం పేరు దగ్గరే ఆగు, బలవంతంగా జాతి పేరు పెట్టకు. మొప్పల సంచి, పేగు కనిపించేలా ఫొటోలు తీసి పంపు. స్కేల్ తప్పకుండా పెట్టు. చూసి రాస్తాను.

ఆశీస్సులతో,
మీ మాష్టారు