కానుక పెట్టె తాళం చేతికొచ్చాక

చిరంజీవి అల్లుడికి, ప్రభువు నామంలో దీవెనలు.

రాయగడలో మన తెలుగు సంఘం నిన్ను కోశాధికారిగా ఎన్నుకుందని తెలిసింది. కానుక పెట్టె దగ్గర విశ్వాసాన్ని దొంగల కన్నా మొహమాటమే ఎక్కువ పాడుచేస్తుంది. అందుకే ముందు పద్ధతి బిగించు.

ఆరాధన ముగియగానే పెట్టె గుడిలోనే తెరవాలి. ఇంటికి మోసుకెళ్ళకు. ఇద్దరు లెక్కపెట్టాలి, ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్ళు కాకూడదు. పాస్టరుగారినీ అమ్మగారినీ అక్కడ కూర్చోబెట్టకు, రేపు నింద వస్తే అది ఆయన మీద పడకుండా ఉండే దారి అదే. 500 నోట్లెన్ని, 100 ఎన్ని, చిల్లరెంత అని విడివిడిగా రాసి, కూడి, సంతకాలు అప్పుడే పెట్టించు. దశమభాగం కవర్లు వేరే వరుస. సోమవారం మొత్తం బ్యాంకులో వేసి, ఖర్చులకి మళ్ళీ తియ్యి. చేతిలో ఉన్న డబ్బుతో కరెంటు బిల్లు కట్టేసి మిగిలింది వేశావా, ఆర్నెల్లకి అసలెంత వచ్చిందో చెప్పగలిగేవాడుండడు. ఖాతా సంఘం పేరున, ఇద్దరి సంతకాలతో నడవాలి. గోడ మీద అంటించే స్కానరు కూడా ఆ ఖాతాదే అయ్యుండాలి. నెల మొదటి ఆదివారం లెక్క తెలుగులోనూ ఒడియాలోనూ చదివించు. చందా సొమ్ము మోయడానికి పౌలు ఒక్కడినే పంపలేదు. రెండో కొరింథీ 8వ అధ్యాయం చూడు, ఎందుకో ఆయనే చెప్పాడు.

జీడిపిక్కలు అమ్మగానే ఇచ్చేస్తానని ఎవరో ఒకరు చేబదులు అడుగుతారు. నీ జేబులోంచి ఇవ్వు, కాదంటే లేదని చెప్పెయ్యి. నీ కొట్టు సరుక్కి కూడా సంఘం డబ్బు ఒక్కపూట వాడకు.

ఎన్నికలప్పుడు గుడికి రేకులు వేయిస్తామంటూ వస్తారు, ఓ పూట వేదిక అడుగుతారు. 1988 నాటి కేంద్ర చట్టం ప్రకారం ప్రార్థనా స్థలాన్ని గానీ దాని నిధుల్ని గానీ రాజకీయానికి వాడనివ్వడం నేరం, అయిదేళ్ళ దాకా జైలు. అభ్యర్థికి టీ ఇచ్చి పంపు. రేకులు కారితే కారనీ.

బియ్యం, మందులు పంచేటప్పుడు జాబితాలో మతం గడి పెట్టకు. ప్రలోభపెట్టి మతం మార్చడం ఒడిశాలో 1967 నాటి చట్టం ప్రకారం నేరమే. చట్టం సంగతి అలా ఉంచు, బియ్యం కోసం వచ్చినవాడు బియ్యం ఆగగానే పోతాడు.

అన్నిటికన్నా కష్టం బాప్తిస్మపు రిజిస్టరు. నిన్ను సాక్షి సంతకం అడుగుతారు కాబట్టి రాస్తున్నాను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా ఉండదు. సిక్కుల్ని 1956లో, బౌద్ధుల్ని 1990లో చేర్చారు, మనవాళ్ళని చేర్చలేదు. గిరిజనులకు ఈ చిక్కు లేదు, మతం మారినా ఎస్టీ హోదా పోదు. అందుకే కొన్ని ఎస్సీ కుటుంబాలు, పిల్లల చదువు తల్చుకుని, పేరు రాయొద్దని బతిమాలుతాయి. వాళ్ళని కసురుకోకు. ఆ ఉత్తర్వు అన్యాయమనే నా అభిప్రాయం, దాని మీద పేరు పెట్టి అర్జీ ఇవ్వండి. పోయే స్కాలర్‌షిప్పుకి బదులుగా పిల్లల ఫీజుల పద్దు ఒకటి వేసవిలోనే విడిగా తెరువు. ఆ పని చెయ్యని సంఘానికి వాళ్ళని తప్పుపట్టే హక్కు లేదు. ఇంకా తేల్చుకోలేనివాళ్ళని తొందరపెట్టకండి, ఏడాదైనా ఆగనివ్వండి. నీళ్ళలో దిగాక మాత్రం పేరు, తేదీ, సాక్షులు అదే రోజు పుస్తకంలోకి ఎక్కాలి. ఎక్కని పేరుకి నువ్వు సాక్షిగా నిలబడకు.

ఇట్లు,
మీ మావయ్య