తెలుగులో ఒప్పు, ఇంగ్లీషు నోటుబుక్కులో తప్పు

(పాఠకుల ప్రశ్నలు – జవాబులు)

ప్రశ్న: మా అమ్మాయి ఎనిమిదో తరగతి చదువుతోంది. రిపోర్టెడ్ స్పీచ్ హోంవర్కు ఇచ్చిన రోజున దానికి అన్నం కూడా సయించదు. ‘డైరెక్టును ఇండైరెక్టులోకి మార్చండి’ అంటూ పది వాక్యాలు ఇస్తారు. రాత్రి పదింటి దాకా వాటితో కుస్తీ పట్టి, చివరికి గైడులో చూసి ఎక్కించేస్తుంది. నేను పదో తరగతి వరకు తెలుగు మీడియంలో చదువుకున్నాను. ఇందులో నేను చేయగలిగిన సాయం ఏమైనా ఉందా?
– ఒక తల్లి, నరసరావుపేట

జవాబు: ఉందమ్మా. పైగా అది గైడు చేయలేని సాయం, ఎందుకంటే ఈ చిక్కు పుట్టింది మన తెలుగులోనే. ఒక వాక్యం తీసుకుందాం. ‘రవి సెడ్ టు హిజ్ మదర్, “ఐ విల్ కమ్ టుమారో”.’ దీన్ని మార్చమంటే చాలామంది పిల్లలు ‘రవి టోల్డ్ హిజ్ మదర్ దట్ ఐ విల్ కమ్ టుమారో’ అని రాస్తారు, టీచరు ఎర్రసిరాతో కొట్టేస్తారు. ఆ పిల్లలు తెలివితక్కువ వాళ్లేమీ కారు. తెలుగులో అక్షరాలా సరైన పనే చేశారు. “రేపు వస్తాను” అని రవి వాళ్లమ్మతో అన్నాడు. ఈ వాక్యంలో కొటేషన్ గుర్తులు తీసేస్తే ‘రేపు వస్తానని రవి వాళ్లమ్మతో అన్నాడు’ అవుతుంది. ‘వస్తాను’, ‘అని’ సంధి కలిసి ‘వస్తానని’ అయ్యాయి, అంతకు మించి ఏదీ కదల్లేదు. చెబుతున్నది మనమే అయినా క్రియ మాత్రం రవి నోట్లో ఉన్నప్పటి రూపంలోనే, ఉత్తమపురుషలోనే, ఉండిపోయింది. పొరబాటున ‘వస్తాడని అన్నాడు’ అంటే, రవి ఇంకెవరి గురించో చెప్పాడని అర్థం మారిపోతుంది.

ఇంగ్లీషు పద్ధతి వేరు. అక్కడ మాట ఎవరిదైనా సరే, దాన్ని మోసుకొచ్చి చెప్పేవాడు తాను నిలబడిన చోటి నుంచి, తాను చెబుతున్న సమయం నుంచి మొత్తం వాక్యాన్ని సరిచేసుకోవాలి. రవి ‘ఐ’ అన్నది మనకు ‘హి’ అవుతుంది. వాడు మాట్లాడి కొంతకాలం గడిచింది కనుక ‘విల్’ వెళ్లి ‘వుడ్’ అవుతుంది. వాడి ‘రేపు’ మనకు రేపు కాకపోవచ్చు కనుక ‘టుమారో’ కాస్తా ‘ద నెక్స్ట్ డే’ అవుతుంది. గైడులో ఇవన్నీ పట్టికలుగా వేసి బట్టీ పట్టమంటారు. బట్టీ పట్టిన పట్టిక పరీక్షలో సగం గుర్తొస్తుంది, ఆ సగంతో చిక్కు రెట్టింపవుతుంది.

మీరు చేయవలసింది ఇది. సాయంత్రం మీవారు అమ్మాయికి ఫోను చేసి, “నేను తొమ్మిదింటికి వస్తాను, అమ్మను తినేయమను” అన్నారనుకోండి. ఫోను పెట్టేశాక, వంటింట్లో ఉన్న మీకు ఆ మాట చెప్పమనండి. “నాన్న తొమ్మిదింటికి వస్తానన్నారు, నిన్ను తినేయమన్నారు” అంటుంది. అప్పుడు అమ్మాయిని మూడు ప్రశ్నలు అడగండి: మాట ఎవరిది, ఎవరి గురించి, ఎప్పుడు అన్నారు? ‘నాన్నది, నాన్న గురించే, ఇందాక’ అని జవాబు వస్తుంది కదా. ‘నాన్న గురించే’ అన్న జవాబే ‘హి’, ‘ఇందాక’ అన్న జవాబే ‘వుడ్’. ఈ మూడు ప్రశ్నలు వేయడానికి మీకు ఇంగ్లీషు రానక్కరలేదు. పది వాక్యాలకూ ముందు తెలుగులో ఈ జవాబులు పక్కన పెన్సిలుతో రాసుకుని, ఆ తర్వాతే ఇంగ్లీషులోకి దిగమనండి. మొదటి రెండు రోజులు ఆలస్యమవుతుంది, ఓపిక పట్టండి.

కొన్ని చోట్ల తెలుగే దారి చూపిస్తుంది, అది కూడా అమ్మాయికి చెప్పండి. ‘తినేయమన్నారు’లో లాగా ఎవరికైనా పని చెప్పే ‘మని’, ‘మన్నారు’ వినిపించిన చోట ఇంగ్లీషులో ‘టు’ వస్తుంది: ‘హి టోల్డ్ యూ టు ఈట్’. “తిన్నావా?” అని ప్రశ్న చివర వచ్చే ఆ దీర్ఘానికి బదులుగా ఇంగ్లీషు ‘ఇఫ్’ పెడుతుంది: ‘షి ఆస్క్‌డ్ మీ ఇఫ్ ఐ హాడ్ ఈటెన్’. “ఎక్కడున్నావు?” లాంటి ప్రశ్నల దగ్గర పిల్లలు ‘షి ఆస్క్‌డ్ మీ వేర్ వాజ్ ఐ’ అని రాసి మార్కు పోగొట్టుకుంటారు. ప్రశ్న అడిగేటప్పుడు ఇంగ్లీషు క్రియను ముందుకు లాగుతుంది, ఆ ప్రశ్నను మనం మోసుకొచ్చి చెప్పేటప్పుడు దాన్ని తిరిగి వెనక్కి పెట్టేస్తుంది: ‘వేర్ ఐ వాజ్’. తెలుగులో ప్రశ్న అయినా మామూలు మాట అయినా క్రియ చివరే ఉంటుంది కాబట్టి, ఈ ముందుకూ వెనక్కూ జరగడం మన పిల్లలకు చూపిస్తే తప్ప కనిపించదు.

ప్రశ్న: నేను తొమ్మిదో తరగతి విద్యార్థిని. అచ్చుల ముందు ‘యాన్’ రాయాలని మా సార్ చెప్పారు. యూనివర్సిటీ స్పెల్లింగు ‘యు’ అనే అచ్చుతో మొదలవుతుందని ‘యాన్ యూనివర్సిటీ’ అని రాస్తే తప్పు పెట్టారు. గంటకు వాడే ‘అవర్’ స్పెల్లింగు ‘హెచ్’తో మొదలవుతుంది, దానికి మాత్రం ‘యాన్’ ఒప్పు అంటున్నారు. ఇదేం న్యాయమండీ?
– ఒక విద్యార్థి, శ్రీకాకుళం

జవాబు: న్యాయంగానే ఉంది, కాకపోతే మీ సార్ చెప్పిన అచ్చు ఉండేది చెవిలో, నువ్వు వెతికింది కాగితం మీద. ఇంగ్లీషు స్పెల్లింగు కంటికి ఒకటి చూపించి నోటితో ఇంకొకటి పలికిస్తుంది. అదృష్టవశాత్తు పలికినట్టు రాసే లిపి మన చేతిలో ఉంది. అనుమానం వచ్చిన మాటను ఒక్కసారి తెలుగులో రాసి చూడు. ‘యూనివర్సిటీ’ అని రాస్తావు, మొదటి అక్షరం ‘య’, అంటే హల్లు, అందుకే ‘ఎ యూనివర్సిటీ’. ‘యూనిఫాం’, ‘యూరోపియన్’ కూడా అంతే. ‘వన్ రుపీ కాయిన్’ తెలుగులో ‘వ’తో మొదలవుతుంది, కనుక ‘ఎ వన్ రుపీ కాయిన్’. ‘అవర్’, ‘ఆనెస్ట్’ రెండూ అచ్చులే, కనుక ‘యాన్’. పొడి అక్షరాల మాటలకు ఈ చిట్కా మరీ బాగా పనికొస్తుంది. ఎమ్మెల్యే, ఎస్సై, ఎఫ్ఐఆర్ – రోజూ పేపర్లో చూసే ఈ మాటల్లో మొదటిది ‘ఎ’ అనే అచ్చు, అందుకని ‘యాన్ ఎమ్మెల్యే’, ‘యాన్ ఎస్సై’, ‘యాన్ ఎఫ్ఐఆర్’. అదే యూపీఎస్సీ పరీక్ష అయితే ‘ఎ’ చాలు.

చిన్న హెచ్చరిక. మనం కొన్ని ఇంగ్లీషు మాటలను మనకు అనువుగా పలుకుతాం, రాస్తాం. సంవత్సరాన్ని ‘ఇయర్’ అనీ, పసుపు రంగును ‘ఎల్లో’ అనీ, రొట్టెల పిండిలో కలిపే దాన్నీ తూర్పు దిక్కునూ ఒకే తీరుగా ‘ఈస్ట్’ అనీ అంటాం. ఇంగ్లీషువాళ్ల నోట్లో సంవత్సరం, పసుపు, రొట్టెల పిండిది – మూడూ ‘య’ గుణింతంతోనే మొదలవుతాయి. అందుకే ‘ఎ ఇయర్’, ‘ఎ ఎల్లో శారీ’ అన్నవే ఒప్పు. ‘ఉమన్’కు కూడా అసలు మొదట ‘వ’ ధ్వని ఉంది. ‘వై’, ‘డబ్ల్యూ’ అక్షరాలతో స్పెల్లింగు మొదలైతే మాత్రం తెలుగు రాతను నమ్మకుండా ‘ఎ’ పెట్టెయ్యి.

‘ద’ సంగతి నువ్వు అడగలేదు, అయినా తర్వాతి హోంవర్కు అదే అయి ఉంటుంది కనుక చెబుతున్నాను. చిన్నప్పుడు విన్న కథ గుర్తు తెచ్చుకో: ‘అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ఏడుగురు కొడుకులు.’ మొదటిసారి ‘ఒక రాజు’, వినేవాడికి పరిచయమయ్యాక ‘ఆ రాజు’. ఇంగ్లీషులో అది ‘ఎ కింగ్’, ఆ వెంటనే ‘ద కింగ్’. అయితే తెలుగు ఈ ‘ఒక’నూ ‘ఆ’నూ అవసరమైతేనే వాడుతుంది, లేకపోతే వదిలేస్తుంది. “తలుపు వెయ్యి” అంటే ఏ తలుపని ఎవరూ అడగరు. ఇంగ్లీషులో అలా వదలడానికి వీల్లేదు, ‘షట్ ద డోర్’ అనాల్సిందే. ఏది అన్నది వినేవాడికి తెలుసా అని ప్రతి చోటా నిన్ను నువ్వే అడుగు; తెలిస్తే ‘ద’, తెలియని ఒకటైతే ‘ఎ’. నదులూ, సముద్రాలూ, వార్తాపత్రికల పేర్లకు విడి నియమాలున్నాయి, వాటిని మాత్రం గుర్తుపెట్టుకోక తప్పదు.

ప్రశ్న: మా అబ్బాయి హోంవర్కు పేజీని ఫోనుతో ఫోటో తీస్తాడు, అర నిమిషంలో జవాబులన్నీ వచ్చేస్తాయి. తప్పులేమీ ఉండటం లేదు. మాన్పించాలా?
– ఒక తండ్రి, సిరిసిల్ల

జవాబు: మాన్పించడం మీ వల్ల కాదు, వరస మార్చండి. ముందు పెన్సిలుతో వాడే రాయాలి, తర్వాత ఫోనులో చూసుకోవాలి, తేడా వచ్చిన చోట కారణం మీకు తెలుగులో చెప్పాలి. కారణం చెప్పలేని జవాబును నోటుబుక్కులోకి ఎక్కనివ్వకండి. ఇంకో మాట. తెలుగు వాక్యాన్ని ఇంగ్లీషులోకి మార్చమంటే ఫోను కూడా కొన్నిసార్లు ఊహిస్తుంది. ‘నిన్న వచ్చింది’ అన్న వాక్యాన్ని ఇచ్చి చూడండి. వచ్చింది అక్కా, ఆవా, ఉత్తరమా అన్నది తెలుగు క్రియ చెప్పదు, కనుక ఫోను ‘షి’ అనో ‘ఇట్’ అనో ఏదో ఒకటి ఎంచుకుంటుంది. వాడికి తెలిసిన సంగతి ఫోనుకు తెలియదని ఆ ఒక్క వాక్యంతో చూపించవచ్చు.

ప్రశ్న: ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు టీచరును. ఒక్కో తరగతికి నలభైకి పైగా నోటుబుక్కులు దిద్దుతాను. ‘ఐ హావ్ సీన్ హిమ్ ఎస్టర్‌డే’, ‘షి గో టు స్కూల్ డైలీ’, ‘ఐ యామ్ హావింగ్ టూ సిస్టర్స్’ – ఏళ్లుగా అవే తప్పులు. దిద్దిన కొద్దీ వస్తూనే ఉన్నాయి. పాసివ్ వాయిస్ అయితే చెప్పనే అక్కర్లేదు.
– ఒక ఉపాధ్యాయిని, ఖమ్మం జిల్లా

జవాబు: మీ మాటలు చదువుతుంటే నా పాత నోటుబుక్కుల కట్టలు కళ్లముందు మెదిలాయి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ప్రతి తప్పునూ ఎర్రసిరాతో దిద్దేవాడిని. పేజీ అంతా ఎర్రబడేది, పిల్లవాడు అందులో మార్కులు మాత్రం చూసుకుని మూసేసేవాడు. తర్వాత వారానికి ఒకే రకం తప్పును దిద్దడం మొదలుపెట్టాను. ఆ వారం కాలాల తప్పులకే సిరా, మిగతావి చూసీ చూడనట్టు వదిలేయడమే. పై అధికారి తనిఖీకి వచ్చి, దిద్దని తప్పులు చూపించి నన్ను మందలించిన మాట కూడా నిజమే.

మీరు చెప్పిన మొదటి తప్పుకు మూలం ‘చూశాను’ అన్న మాట. తెలుగులో ‘నిన్న చూశాను’, ‘ఆ సినిమా చూశాను’ – రెండింటికీ అదే క్రియ. ఇంగ్లీషు మొదటిదానికి ‘సా’, రెండోదానికి ‘హావ్ సీన్’ అంటుంది. దీన్ని నేర్పడానికి కొందరు ‘చూసి ఉన్నాను’ అని తెలుగులో ఎవరూ అనని మాటను తయారుచేస్తారు. దయచేసి ఆ పని చేయకండి, అది పిల్లలకు రెండు భాషలూ పాడుచేస్తుంది. వాక్యంలో ‘ఎప్పుడు?’ అన్న ప్రశ్నకు జవాబు ఉందేమో చూడమనండి. నిన్న, పొద్దున, 2019లో అని ఉంటే ‘హావ్’ రాదు. “అన్నం తిన్నావా?” అని అడిగేవాళ్లకు ఎప్పుడు తిన్నామన్నది పట్టదు, కడుపు నిండిందా లేదా అన్నదే కావాలి, కనుక ‘హావ్ యూ ఈటెన్?’.

రెండోది నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది. వస్తాను, వస్తావు, వస్తాడు, వస్తుంది, వస్తాము, వస్తారు, వస్తాయి అంటూ ఏడు తోకలను ఐదేళ్లకే తప్పు లేకుండా పలికే పిల్లలు, ఇంగ్లీషులో ఉన్న ఒక్క ‘ఎస్’ దగ్గర జారిపడతారు. ఆ ఏడింటినీ బోర్డు మీద రాసి, ‘మీకు ఇన్ని వచ్చు, అక్కడ ఒక్కటే’ అని చూపించండి. ‘రోజూ వెళ్తాను’, ‘రేపు వెళ్తాను’ రెండూ తెలుగులో ఒకే రూపం కావడం వల్ల ‘గో’కూ ‘విల్ గో’కూ తికమకపడే పిల్లలూ ఉంటారు. మన వ్యాకరణం ‘తద్ధర్మం’ అని పేరుపెట్టిన అలవాటు అర్థానికే ఇంగ్లీషు సాదా వర్తమానం. ఇక ‘హావింగ్ టూ సిస్టర్స్’ విషయంలో మాట్లాడే ఇంగ్లీషు మన ఊళ్లలో అలాగే స్థిరపడిపోయింది, పరీక్షలో మాత్రం మార్కు పోతుందని చెబితే చాలు.

పాసివ్ వాయిస్‌కు మీ దగ్గర మంచి సరుకే ఉంది. తెలంగాణ ప్రభుత్వ బడులన్నిటిలో 2022–23లో ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ఇంగ్లీషు మీడియం పెట్టినప్పటి నుంచి తెలుగు, ఇంగ్లీషు పక్కపక్కనే ఉన్న ద్విభాషా పాఠ్యపుస్తకాలు ఇస్తున్నారు కదా. సైన్సు పుస్తకంలో ప్రయోగం ఉన్న పేజీ తీయించండి. ఇంగ్లీషు ‘నీరు వేడిచేయబడింది’ అన్న తీరులో నడిచే చోట పిల్లలను అదే సంగతి తమ సొంత మాటల్లో చెప్పమనండి. ‘నీళ్లు వేడి చేస్తారు’ అంటారు. చేసేదెవరో చెప్పకుండా ‘చేస్తారు’ అనేయడమే మన వాడుకలో పాసివ్ వాయిస్. ‘బడు’ పెట్టి చెప్పే రూపం రాతలోనూ, దుకాణాల బోర్డుల మీదా తప్ప నోటి మీద బతకలేదు. ఆ బోర్డులు మాత్రం మనకు బాగా పనికొస్తాయి. ‘ఇచ్చట పాత పేపర్లు కొనబడును’, ‘సైకిళ్లు అద్దెకు ఇవ్వబడును’ అంటూ ఊరంతా పాసివ్ వాయిస్ రాసే ఉంటుంది. బడి నుంచి ఇంటికి వెళ్లే దారిలో ‘బడును’ ఉన్న బోర్డులు ఐదు వెతికి, ఒక్కోదాన్ని ఇంగ్లీషులో పాసివ్‌లోనూ, ఇంట్లో మాట్లాడే తెలుగులోనూ రాసుకు రమ్మనండి. ఆ వారానికి హోంవర్కు అదొక్కటే ఇవ్వండి.